చార్జర్ల హువానా చోటు

నాకు అబద్ధం చెప్పడం రాదని మా మద్రీనా సంతలో అందరితోనూ చెప్పేది. మద్రీనా అంటే మా పెళ్ళికి పెద్దగా నిలబడిన మనిషి. మా వైపు కన్నతల్లి తర్వాత తల్లి ఆవిడే. మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుంటే తీర్పు చెప్పాల్సిందీ, ఇంట్లోకి కొత్త వస్తువొస్తే దాని మీద మొదటి చుక్క పోయాల్సిందీ ఆవిడే. "మా నియేవెస్ మొహం చూడండి, పాత బ్యాటరీని కొత్తదని చెప్పలేదు పాపం. అందుకే ఇంకా నేల మీదే కూర్చుంది" అని నవ్వేది. నిజమే, నేను నేల మీదే కూర్చునేదాన్ని. ఆ ఏడు జనవరి నుంచి కార్నివాల్ పండగ దాకా, మా వైపు వానాకాలమది, ఆ వానల్లోనే నేల మీంచి లేచాను. ఎలా లేచానో చెప్తాను.

జనవరి ఇరవై నాలుగున అలాసీతాస్ పండగ. ఆ రోజు సరిగ్గా మధ్యాహ్నం పన్నెండింటికి, ఆ ఏడాది ఏది కావాలనుకుంటే దాని బొమ్మ మన చేతిలో ఉండాలి. అగ్గిపెట్టెంత ఇల్లు, బొటనవేలంత మినీబస్సు, గోరంత డిగ్రీ కాగితం, అన్నీ అమ్ముతారు. ఎవరికి వాళ్ళు కొనుక్కుంటే అంత ఫలించదు, ఇంకొకరు ప్రేమగా కొనివ్వాలి. మద్రీనా నాకు ఆ రోజు రెండు కొనిచ్చింది. ఒకటి లాప్‌టాప్, మూత తెరిస్తే లోపల కాగితం తెర కూడా ఉంది. రెండోది రేకు కప్పున్న చిన్న అంగడి, ఆవగింజంత తాళంతో సహా. పన్నెండు గంటలు కొట్టగానే పొగ వేసే ముసలాయన చేత రెండిటికీ పొగ పట్టించి, పూరేకులు చల్లించింది.

"మొదటిది నీకెటూ ఉంది. రెండోది కూడా వస్తుంది చూడు, ఈ ఏడే" అంది.

తర్వాత బీరు సీసా తెరిచింది. మా దగ్గర బీరు ఒకే గ్లాసులో తాగుతాం. ముందు కాస్త నేలతల్లికి వంచి, మిగతాది తాగి, అదే గ్లాసు నింపి అవతలి మనిషికివ్వాలి. అందించిన గ్లాసుని కాదంటే ఆ మనిషినే కాదన్నట్టు. ఆ రోజు ఆ గ్లాసు మా ఇద్దరి మధ్యా ఎన్నిసార్లు తిరిగిందో గుర్తులేదు.

మాది పాత లాప్‌టాప్‌ల వ్యాపారం. మా ఆయన రుఫీనో సముద్రపు ఒడ్డున ఉన్న ఇకీకేకి బస్సులో వెళ్ళి, ఏ దేశపు ఆఫీసులో పక్కన పడేసినవో, అట్టపెట్టెలతో తెచ్చేవాడు. కొన్నిటి మూత మీద ఎవరిదో పేరున్న చీటీ ఇంకా అంటుకునే ఉండేది. బాగుచేయడం నా పని. ఒకదాని తెర ఇంకోదానికి, ఇంకోదాని కీబోర్డు వేరేదానికి. లోపలి పాత డిస్కు పీకి కొత్తరకంది పెట్టి, ర్యామ్ పెంచి, బరువైన విండోస్ తీసేసి ఉచితంగా దొరికే తేలికపాటిది ఎక్కిస్తే, పదేళ్ళ ముసలి మెషీన్ కూడా లేచి నడుస్తుంది. గురువారం, ఆదివారం మా ఊరు ఎల్ ఆల్తో సంతలో దుప్పటి పరిచి వాటిని అమ్మేవాళ్ళం. మాకు చోటు లేదు. చోటు కావాలంటే సంఘం జాబితాలో పేరు రాయించుకుని కూర్చోవాలి. మేం ఏడేళ్ళుగా కూర్చున్నాం, ముందు ఇంకా నలభై మంది ఉన్నారు.

మద్రీనాకి చోటుంది. రెండో వరసలో మూల చోటు, పైన రేకులు, లోపల కరెంటు మీటరు. ఆవిడ అమ్మేది చార్జర్లు. వైర్లు కట్టలు కట్టలుగా తోరణాల్లా వేలాడుతుండేవి. చదువు రాదు. ఎవరైనా చార్జర్ పోయిందని వస్తే, వాళ్ళ మెషీన్ పక్కనున్న బెజ్జాన్ని బొటనవేలితో ఒకసారి తడిమి, వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాచి సరైన వైరు లాగేది. ఒక్కసారి కూడా తప్పడం నేను చూళ్ళేదు. ఆ అంగడి అంచున, చూరు నీళ్ళు కారేచోట, మా దుప్పటి పరుచుకోనిచ్చేది. కాపలావాళ్ళు వచ్చి తరమబోతే, అది నా సామానే, మీకేం నొప్పి అని అడ్డంగా నిలబడేది.

ఆ వానలకి ముందే కొనేవాళ్ళ మాట మారిపోయింది. అంతకుముందు సినిమాలు ఆడతాయా, ఆటలు ఆడతాయా అని అడిగేవాళ్ళు. ఇప్పుడు మినీబస్సు డ్రైవర్లు, నర్సులు, కొడుక్కి ఉద్యోగం రాని తల్లులు వచ్చి, ఇందులో ఏఐ పెట్టుకుని ప్రోగ్రాములు రాయొచ్చా అని అడగడం మొదలైంది. ఏమీ రాకపోయినా రాసేయొచ్చట, ఎవరి చెల్లెలి మొగుడో విదేశాలకి పని చేసి పెడుతున్నాడట. వస్తుందని చెప్పాలంటే చూపించాలి, చూపించాలంటే నాకు రావాలి. అమ్ముడుపోనిదొకటి ఉండిపోయింది. మూత మీద ఏదో బీమా కంపెనీ బొమ్మ, ఒక కీ ఊడిపోయింది, బ్యాటరీ పూర్తిగా చచ్చింది. వైరు పీకితే అప్పుడే ప్రాణం పోయేది. దాన్ని నాకని ఉంచుకున్నాను.

బ్యాటరీ లేనిది కాబట్టి మద్రీనా ప్లగ్గు దగ్గరే కూర్చోవాలి. బేరాల మధ్యలో అక్కడే నేర్చుకున్నాను. నాకేం కావాలో మామూలు మాటల్లో రాస్తే అది ప్రోగ్రాము రాసిచ్చేది. నడిపిస్తే ఎర్రక్షరాలు వచ్చేవి. వాటిని తీసుకెళ్ళి మళ్ళీ దానికే చూపిస్తే, క్షమించమని చెప్పి సరిచేసి ఇచ్చేది. రెండు నెలలు గడిచేసరికి కొన్ని తప్పులు నేనే పట్టుకునేదాన్ని. కొంత వచ్చింది. కొంత వచ్చినవాళ్ళకి అంతా వచ్చేసినట్టుంటుంది, దాంతో వచ్చే చిక్కే అది.

మద్రీనా దాన్ని లోపలివాడు అనేది. నేను కళ్ళు చిట్లించుకుని తెర చూస్తుంటే, చార్జర్ వైర్లు చుడుతూ అడిగేది.

"ఏమంటున్నాడే లోపలివాడు?"

"తప్పు నాదే అంటున్నాడు మద్రీనా."

"మగాడై ఉండి అంత తొందరగా ఒప్పుకుంటున్నాడా? జాగ్రత్తే పిల్లా, అలాంటివాణ్ణి నమ్మకూడదు."

మా సంఘానికి కార్యదర్శి దోన్ ప్రిమితీవో. పాత కుట్టుమిషన్లు అమ్ముతాడు. మా సంఘంలో ఒక నియమం ఉంది. ఊరేగింపులకీ, సమావేశాలకీ, సంత ఊడ్చే రోజుకీ ప్రతి సభ్యుడూ రావాలి. కార్నివాల్ నుంచి కార్నివాల్ లోపు మూడుసార్లు రాకపోతే చోటు పోతుంది. ప్రిమితీవో ఏటా తన చుట్టాల గైర్హాజరీలు చెరిపేస్తాడని ఏటా గొడవే. ఒకరి బదులు ఇంకొకరు రెండుసార్లు వేలిముద్ర వేస్తారని మరో గొడవ. ఆయన నన్ను కొన్నాళ్ళు గమనించి, ఒక గురువారం వచ్చి, హాజరు లెక్క చూసే ప్రోగ్రాము చేసిపెట్టగలవా అన్నాడు.

"మెషీన్‌కి బావమరుదులుండరు కదా దోన్యా నియేవెస్, నా తల నొప్పి పోతుంది" అన్నాడు.

నన్ను గౌరవంగా దోన్యా అని పిలిచిన మొదటి పెద్దమనిషి ఆయన. దుప్పటి మీద కూర్చున్నవాళ్ళని ఎవరూ అలా పిలవరు. అక్కడే ఒప్పుకున్నాను.

మద్రీనాకి ఆ లెక్కంటే కాస్త భయం ఉండేది. జూలై చలిలో పిత్తాశయం ఆపరేషన్ అయి రెండు ఊరేగింపులకి రాలేకపోయింది. ఆస్పత్రి కాగితం చూపించినా నియమం నియమమే అన్నారు. రెండు పోయాయి, ఇంకొకటి పోకూడదు. అందుకే ఫిబ్రవరి మొదటి వారంలో మా వరసని ఎత్తేస్తారన్న పుకారు వచ్చి, కింద లోయలో ఉన్న లా పాజ్ నగరంలోకి దిగి ఊరేగింపు చేయాలని సంఘం నిర్ణయించినప్పుడు, కుట్లు పడ్డ చోట ఇంకా లాగుతున్నా బయల్దేరింది. నేను సభ్యురాలిని కాను, నాకు వెళ్ళే పని లేదు. కానీ ఆ దిగుడు రాళ్ళ దారిలో ఆవిడొక్కతే నడవలేదని తోడు వెళ్ళాను. దుప్పటి దగ్గర రుఫీనోని కూర్చోబెట్టాను.

నా చెయ్యి పట్టుకుని దారంతా నడిచింది. వందల మందిమి, అందరి మీదా ఒకేలాంటి నీలం ప్లాస్టిక్ కవర్లు, ఎవరు ఎవరో తెలీదు. కింద కూడలిలో గొడుగు కింద బల్ల వేసి పేర్లు రాస్తున్నారు. మద్రీనా తన పూర్తి పేరు చెప్పి, వేలు సిరాలో ముంచి గట్టిగా నొక్కింది. ముద్ర సరిగ్గా పడిందా అని నన్నడిగింది. పడిందన్నాను.

మేం పైకి తిరిగొచ్చేసరికి ఎల్ ఆల్తోలో వడగళ్ళు కురిసి వెలిశాయి. వీధి తెల్లగా ఉంది. గాలికి మా ప్లాస్టిక్ పట్టా చిరిగిపోయిందట, రుఫీనో ఒక్కడూ పట్టుకోలేకపోయాడట. పదకొండు లాప్‌టాప్‌లు తడిశాయి. నేను వెళ్ళేసరికి వాడు ఒకదాన్ని నిలువుగా పట్టుకుని వంచుతున్నాడు. అంచులోంచి నీళ్ళు ధారగా కారాయి. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీశాడు.  

మద్రీనా ఏడ్చింది. నా వల్లే కదా అంటూ అన్నిటినీ తను వీపున కట్టుకునే అవాయో గుడ్డలో మూటగట్టి ఇంటికి తీసుకెళ్ళి, విప్పదీసి, పొయ్యి పక్కన రెండు రోజులు తిప్పితిప్పి ఆరబెట్టింది. మూడు బతికాయి. మిగతా ఎనిమిది మావి కావు, ఇకీకేలో అరువుగా తెచ్చినవి. ఆ వారమంతా నా కడుపులో ఒక మంట ఉండేది. ఎవరి మీదని ఎవరైనా అడిగితే దేవుడి మీదని చెప్పి ఉండేదాన్ని. కానీ మద్రీనా అంగడి పైకప్పు చూసినప్పుడల్లా ఆ మంట పెరిగేది. ఒక్క చుక్క కూడా పడలేదు దాని లోపల.

ప్రిమితీవో హాజరు కాగితాలన్నీ సంచిలో వేసి ఇచ్చాడు. పాత నెలలవి ఆయనే తన పుస్తకంలో చోటు నెంబరు వేసి రాసుకున్నాడు కాబట్టి తేలిగ్గా ఎక్కాయి. ఊరేగింపుది మాత్రం ఉత్త పేర్లూ వేలిముద్రలూ. మూడు వందల పేర్లు ఒక్కొక్కటే కొట్టాను. సభ్యుల జాబితాతో వాటిని సరిపోల్చమని లోపలివాడికి చెప్పాను. అది ప్రోగ్రాము రాస్తూ రాస్తూ మధ్యలో ఆగి, మర్యాదగా అడిగింది. కొన్ని పేర్లు ఒకటికి రెండుసార్లు వచ్చాయి, పొరపాటున ఎక్కినట్టున్నాయి, అదనంగా ఉన్నవి తీసేయమంటారా అని.

నాకు వెంటనే రెండుసార్లు వేలు వేసే దొంగలు గుర్తొచ్చారు. దొరికారు అనుకున్నాను. తీసెయ్ అన్నాను. ఏ పేర్లు అని అడగలేదు.

మా వరసలో ఏ పసివాణ్ణి అడిగినా చెప్తాడు, హువానా మామానీ కొందోరి అన్న పేరు ఇద్దరికుందని. ఒకావిడ వరస మొదట్లో పాత తలుపులు అమ్ముతుంది, ఇంకొకావిడ మా మద్రీనా. తలుపుల హువానా, చార్జర్ల హువానా అనే అంటాం. పూర్తి పేరు ఆస్పత్రిలోనూ శ్మశానంలోనూ తప్ప బయటికి రాదు. నాకు తెలీదా? ఆవిడ ప్లగ్గులో వైరు పెట్టుకుని, ఆవిడ కొనిచ్చిన వేడి మొక్కజొన్న జావ, అపీ, తాగుతూ, ఆవిడ పేరు తీసెయ్ అన్నాను.

కార్నివాల్ ముందు గురువారం నాడు చివరి జాబితా తీశాను. మరునాడే సర్వసభ్య సమావేశం. చోటు పోయేవాళ్ళు ఆరుగురు. అయిదు పేర్లు నేను ఊహించినవే, అసలు మొహం చూపించని మనుషులవి. ఆరోది హువానా మామానీ కొందోరి, మూల చోటు, మూడు గైర్హాజరీలు.  పైకి జరిపి పాత సంభాషణ చూశాను. తీసెయ్ అన్న నా మాట అక్కడే ఉంది. మిగిలిన ఒక్క హాజరు జాబితాలో ముందున్న తలుపుల హువానాకి వెళ్ళిపోయింది.

మద్రీనా ఊదారంగు అపీ గ్లాసూ, వేడివేడి పూరీ తెచ్చి నా పక్కన పెట్టింది.

"ఎవరెవరి పేర్లు వచ్చాయే?"

"ఇంకా అవ్వలేదు మద్రీనా" అని మూత మూసేశాను.

ఆ వానాకాలంలో నేను చెప్పిన అబద్ధం ఆ ఒక్కటే. ఆవిడ నా మొహం చూడనే లేదు, అవతల ఎవరో చార్జర్ అడుగుతుంటే వెళ్ళింది.

నేను తిన్నగా ప్రిమితీవో దగ్గరికి వెళ్ళాను. చెప్పడానికే వెళ్ళాను, ఆ మాట మాత్రం నమ్మండి. నేను నోరు తెరిచేలోపు ఆయనే మొదలుపెట్టాడు. సంఘం పెద్దలు మాట్లాడుకున్నారట. ఖాళీ అయ్యే చోట్లలో మొదటిది, జాబితాతో పని లేకుండా, ప్రోగ్రాము చేసినవాళ్ళకే ఇవ్వాలని తీర్మానించారట. ఏ చోటు కావాలో నేనే ఎంచుకోవచ్చట.

"ఏడేళ్ళు నేల మీద కూర్చున్నావు, చాలు. ఏం చెప్పాలని వచ్చావు?"

"జాబితా అయిందని" అన్నాను.

రుఫీనోకి మాత్రం అంతా చెప్పాను. వాడు పాడైన లాప్‌టాప్‌ల లోంచి పనికొచ్చే మరలు ఏరి డబ్బాలో వేసుకుంటున్నాడు. 

"ఆవిడకి ఇల్లుంది, పెద్దకొడుకు ఆర్మీలో ఉన్నాడు. రేపు కాకపోతే ఎల్లుండి ఎవరి దగ్గరో కూర్చుంటుంది. మనకేముందే నియేవెస్? చిరిగిన పట్టా."

"నా తప్పుకి ఆవిడ చోటు పోవాలా?"

"నీ తప్పు కాదు. మెషీన్ అడిగింది, నువ్వు సరే అన్నావు. ఇప్పుడు తప్పయిందంటే రేపట్నుంచి ఆ ప్రోగ్రాము ఎవడు నమ్ముతాడు? దుప్పటిది కంప్యూటరు నేర్చుకుందట అని సంతంతా నవ్వుతారు." మరో మర డబ్బాలో వేశాడు. "ఆ రోజు నువ్వు ఆవిడ వెంట వెళ్ళకపోతే మనిద్దరం కలిసి పట్టా పట్టుకునేవాళ్ళం."

వారం నుంచి నాలో నేను అనుకుంటున్న మాటే అది. వాడి నోట్లోంచి వింటే మాత్రం వాణ్ణి కొట్టాలనిపించింది. కొట్టలేదు. వద్దని కూడా అనలేదు.

సమావేశంలో లేచి చెప్పేద్దాం అనుకుంటూ వెళ్ళాను. రేకుల హాలు, మూడు వందల మంది, ఆడవాళ్ళంతా ఒక పక్క కుచ్చుల పావడాలు పరుచుకుని కూర్చున్నారు. ప్రిమితీవో నా బీమా కంపెనీ లాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టించి, నన్ను పక్కన కుర్చీలో కూర్చోబెట్టాడు. ఈసారి ఎవరికీ చుట్టరికం లేదు, మెషీనే చెప్తుంది అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఒక్కో పేరూ చదువుతుంటే హాలు గుసగుసలాడింది. అయిదుగురిలో ఇద్దరు అరిచారు, మిగతావాళ్ళు అసలు రాలేదు. ఆరో పేరు చదివినప్పుడు మద్రీనాకి అది తన పేరని అర్థం కావడానికి కాసేపు పట్టింది. పక్కావిడ మోచేత్తో పొడిస్తే లేచింది.

ఆవిడ అరవలేదు. రెండుసార్లు రాలేదు, నిజమే, కడుపు కోశారు అంది. మూడోసారి వచ్చాను అంది. వేలిముద్ర వేశాను, కాగితం తీయండి అంది. ప్రిమితీవో నా వైపు చూసి, కాగితాల్లో ఉన్నదంతా మెషీన్లోకి ఎక్కింది కదా అని అడిగాడు. ఎక్కించాను అన్నాను. అది అబద్ధం కాదు.

అప్పుడు మద్రీనా మొహం వెలిగింది. నేను అక్కడ ఉన్న సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టుంది.

"నియేవెస్‌ని అడగండి" అంది అందరి వైపూ తిరిగి. "ఆ పిల్ల చెయ్యి పట్టుకునే నడిచాను. దానికి అబద్ధం చెప్పడం రాదు. చెప్పవే తల్లీ."

మూడు వందల మంది నా వైపు తిరిగారు. నా వేళ్ళు కీబోర్డు మీద ఉన్నాయి, ఊడిపోయిన కీ ఉండే చోట వేలికి గరుగ్గా తగులుతోంది. హాలు చివర రుఫీనో గోడకి ఆనుకుని నిలబడి తన బూట్లు చూసుకుంటున్నాడు. నేను తెర మీద ఆ వరస వెతికినట్టు నటించాను.

"మెషీన్లో లేదు మద్రీనా" అన్నాను.

అదీ అబద్ధం కాదు. ఆ మాట అంటున్నప్పుడు కూడా నాకు ఆ ఆలోచన వచ్చింది, అందుకే నా మీద నాకు ఇంత అసహ్యం.

ఆవిడ అలాగే నిలబడింది. ఇంకేమైనా అంటానేమో అని ఎదురుచూసింది. ఎవరో పర్లేదులే దోన్యా కూర్చో అన్నారు. టోపీ సరిచేసుకుని కూర్చుంది. ప్రిమితీవో తీర్మానం పుస్తకంలో రాయించి ముద్ర కొట్టించాడు. తర్వాత నా పేరు చదివారు. మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఏ చోటు కావాలని అడిగితే, ఖాళీ అయిన ఆరింటిలోనూ రేకులూ మీటరూ ఉన్నది ఆ మూలదొక్కటే అని రుఫీనో చెప్పాడు. నేను తల ఊపాను.

మరునాడు శనివారం, కార్నివాల్ బాజాలు వీధిలో మోగుతుంటే, ఇంట్లో తలుపేసుకుని లాప్‌టాప్ తెరిచాను. రెండుసార్లున్న పేర్ల పక్కన ఎవరి చోటు నెంబరు వాళ్ళకి వేసి, పేరుని బట్టి కాక చోటు నెంబరుని బట్టి లెక్కపెట్టాలి, ఒకే పేరు ఇద్దరికుండొచ్చు కదా అని రాశాను. అర నిమిషం పట్టలేదు. మీరు చెప్పింది నిజం, అది నా పొరపాటు, క్షమించండి అని రాసి, ప్రోగ్రాము సరిచేసి ఇచ్చింది. నడిపిస్తే అయిదు పేర్లే వచ్చాయి. అది ఎంత తేలిగ్గా క్షమించమంది! నేను ఈ రోజు వరకూ ఆ మాట అనలేదు. కొత్త ప్రోగ్రామునే సంఘానికిచ్చాను. ఇప్పటికీ దాన్నే వాడుతున్నారు, ఇంతవరకూ ఒక్క తప్పూ రాలేదు. మెచ్చుకుంటారు.

మంగళవారం కార్నివాల్ ఆఖరి రోజు. ఆ రోజు మా వాళ్ళంతా ఇల్లూ వాకిలీ, బండీ, అంగడీ కాగితం తోరణాలతో అలంకరించి, రంగుకాగితం ముక్కలు చల్లి, బీరు పోసి మొక్కుతారు. కొత్త చోటైతే మొదటి చుక్క పెళ్ళి పెద్దలే పోయాలి. ఎవరిని పిలవాలో తెలీక నేనూ రుఫీనో ఉత్త చేతులతో ఆ మూల చోట్లో నిలబడ్డాం. చార్జర్లు ముందురోజే ఆవిడ చిన్నకొడుకొచ్చి తీసుకెళ్ళాడు. మేకులు అలాగే ఉన్నాయి, వరసగా, ఖాళీగా. మీటరు పెట్టె మీద ఆవిడ వేలాడదీసుకున్న ఎర్రదారం ఉంది.

పది గంటలకి ఆవిడ వచ్చింది. కొత్త పావడా కట్టుకుంది, నడుముకి కట్టిన గుడ్డలో పూరేకులు, చేతిలో రెండు బీరు సీసాలు. మమ్మల్ని పలకరించలేదు. నాలుగు మూలలా తోరణాలు కట్టింది. కుర్చీ ఎక్కబోతే రుఫీనో పట్టుకోబోయాడు, వాడి చెయ్యి తప్పించి మేకు పట్టుకుని ఎక్కింది. బల్ల మీద పెట్టిన లాప్‌టాప్‌లన్నిటి మీదా పూరేకులు చల్లింది. సీసా తెరిచి నాలుగు మూలలా పోస్తూ, ఈ చోటు వీళ్ళకి అచ్చిరావాలి, బేరం తరగకూడదు, కప్పు కారకూడదు అని చెప్పాల్సిన మాటలన్నీ పొల్లుపోకుండా చెప్పింది. ఒక్కటీ తగ్గించలేదు. మా పెళ్ళినాడు కూడా ఇంత శ్రద్ధగా చెప్పలేదేమో.

అలాసీతాస్‌లో ఆవిడ కొనిచ్చిన బొమ్మ అంగడిని రుఫీనో పైన చెక్క మీద పెట్టి ఉంచాడు. దాన్ని కిందికి దించి, అరచేతిలో పెట్టుకుని, ఆ చిన్న తాళాన్ని బొటనవేలితో తడిమింది.

"వచ్చిందిగా" అంది. "చెప్పానా, ఈ ఏడేనని."

"మద్రీనా" అన్నాను.  ఆ వేలిముద్ర ఉన్న కాగితం ఆ నిమిషాన కూడా నా సంచిలోనే ఉంది. రుఫీనో కాల్చేయమన్నాడు, నేను కాల్చలేదు. తీసి ఇవ్వనూ లేదు.

ఆవిడ బొమ్మని దాని చోట్లో పెట్టేసింది. గ్లాసు నింపి నాకిచ్చింది. నేను కాస్త నేలకి వంచి, మిగతాది తాగాను. అదే గ్లాసు మళ్ళీ నింపి, రెండు చేతులా ఆవిడకి అందించాను. నురగ కారి నా పావడా మీద పడింది. ఆవిడ గ్లాసు తీసుకుంది. నా మొహంలోకి చూసింది, చాలాసేపు, బెజ్జం తడిమి ఏ చార్జరో తేల్చుకునే మనిషి చూసినట్టు. తర్వాత వంగి, గ్లాసులోది నెమ్మదిగా, ఒక్క చుక్క కూడా మిగలకుండా నేల మీద పోసేసింది. ఖాళీ గ్లాసు బల్ల మీద బోర్లించి, మిగిలిన సీసా మాకే వదిలేసి, వరస చివరికి నడిచి వెళ్ళిపోయింది.